"సూ" అనే పాత ఫ్రెంచి నాణెం పేరుకు అర్థం ఏమిటి? అది ఎక్కడి నుండి వచ్చింది?

ప్రశ్న
మహేంద్రతనయ (పర్లాకిమిడి)

సభ్యులందరికీ నమస్కారం. మా ఊళ్లో తెలుగు చదివేవారి కోసం కొందరం కలిసి నడుపుకుంటున్న లిఖిత పత్రికకు, పందొమ్మిదో శతాబ్దపు పారిస్ నగర జీవితం మీద వచ్చిన కొన్ని కథలను ఇంగ్లీషు మీదుగా తెలుగు చేస్తున్నాను. మనుషులు, వీధులు, వంటలు, తగవులు అన్నీ తెలుగులోకి ఒదిగి వస్తున్నాయి కాని, డబ్బు లెక్క వచ్చిన ప్రతిచోటా కలం ఆగిపోతోంది. ఒక కథలో గోనెసంచులు కుట్టే స్త్రీకి రోజు కూలి నలభై సూలు అని ఉన్నది. రెండు పుటల తరువాత ఆమె పొరుగింటావిడతో మాట్లాడుతూ అదే కూలిని రెండు ఫ్రాంకులు అంటుంది. ఆ ఇంటి అటక మీద దొరికిన ముత్తాత కాలపు పద్దు కాగితంలో మాత్రం సూ అనే మాట ఎక్కడా లేదు. అంతా సోల్ అనే ఉన్నది. ఈ రెండూ ఒకే నాణేనికి పేర్లా, వేరు వేరు నాణేలా అన్నది నా మొదటి సందేహం.

అసలు సందేహం పేరు గురించి. మన వరహా మీద వరాహం బొమ్మ ఉండేది కనుక దానికి ఆ పేరు వచ్చింది. రూపాయి అనే మాట వెనుక ముద్ర వేసిన వెండి అనే అర్థం గల రూప్యం ఉన్నది. ఆ విధంగా సూ అనే పేరుకు కూడా ఏదో ఒక అర్థం ఉండి తీరాలి కదా. అది రాజు పేరా, ఊరి పేరా, లోహం పేరా, తూకం పేరా? పైగా ఇంగ్లీషు పుస్తకంలో ఎస్, ఓ, యూ అనే అక్షరాలు ఉండడం వలన సౌ అని వ్రాయాలో, సూ అని వ్రాయాలో కూడా నాకు తేలలేదు.

మరొక్క మాట. మా పర్లాకిమిడి ఒకప్పుడు చికాకోలు (శ్రీకాకుళం) సర్కారులోనిది. బొబ్బిలి యుద్ధం కథ విన్నవారందరికీ బుస్సీ దొర పేరు తెలుసు. ఆ ఫ్రెంచివారు ఈ తీరాన ఉన్న కాలంలో ఈ నాణెం మన వైపు ఏమైనా చెలామణీ అయినదా అని కూడా తెలుసుకోవాలని ఉన్నది. తెలిసిన పెద్దలు వివరంగా చెప్పగలరు.

జవాబు
పాతనాణెం (బరంపురం)

మహేంద్రతనయ గారికి నమస్కారం. సూ అని వ్రాయడమే సరి. ఫ్రెంచిలో ఆ రెండు అచ్చులు కలిసి ఊకారంగా పలుకుతాయి. బహువచనంలో చివర ఎస్ అనే అక్షరం చేరినా అది వినబడదు కనుక ఒకటైనా వందైనా వారి నోట సూ అనే వస్తుంది. తెలుగులో మనం సూలు అనక తప్పదు. మీ కథలోని సోల్, సూ రెండూ ఒకటే నాణెం, ఒకటే మాట. వాటిలో ఒకటి ముసలిది, ఒకటి దాని సంతానం.

ఈ పేరు మూలం రోమన్ల బంగారు నాణెం. కాన్‌స్టంటైన్ చక్రవర్తి నాలుగో శతాబ్దం తొలి సంవత్సరాలలో, అంతవరకు ఉన్న ఆరియస్ అనే బంగారు నాణెం తూకం తగ్గుతూ తగ్గుతూ వచ్చి జనానికి దాని మీద నమ్మకం సడలిన తరుణంలో, ఒక రోమన్ పౌను బంగారానికి 72 చొప్పున కొత్త నాణేలు వేయించాడు. ఒక్కొక్కటి సుమారు నాలుగున్నర గ్రాములు తూగేది. దానికి సోలిడస్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఆ మాటకు గట్టిది, డొల్ల లేనిది, నిండైనది, మొత్తమైనది అని అర్థాలు. కనుక మీరు ఊహించిన నాలుగింటిలో ఏదీ కాదు. అది ఆ నాణెం గుణాన్ని చెప్పే పేరు. ఇందులో తరుగు లేదు, దీని విలువ నిండుగా ఉన్నది అని టంకశాల ప్రజలకు ఇచ్చిన హామీయే పేరుగా నిలిచింది. ఆ హామీని తూర్పు రోమన్ చక్రవర్తులు పదకొండో శతాబ్దం వరకు, అంటే సుమారు ఏడు వందల ఏళ్ల పాటు, తూకమూ వన్నె పెద్దగా చెడనీయకుండా నిలబెట్టారు. అంత దీర్ఘకాలం మాట తప్పని నాణెం లోక చరిత్రలో చాలా అరుదు. ఈ సోలిడస్‌లు సముద్రం దాటి మన దక్షిణ దేశానికి కూడా వచ్చాయి; కర్ణాటకలోని అక్కి ఆలూరులో దొరికిన బంగారు నాణేల రాశి అందుకు సాక్ష్యం.

ఇక పలుకు మారిన తీరు చూడండి. జనం నోట సోలిడస్ మధ్యలోని ఇకారం పోయి సోల్దుస్ అయినది. చివరి అక్షరాలు అరిగిపోయి ఫ్రెంచిలో సోల్ అయినది. ఫ్రెంచి భాషలో హల్లుకు ముందున్న లకారం కాలక్రమాన ఉకారంలో కలిసిపోయే అలవాటు ఒకటి ఉన్నది. అందువలన బహువచన రూపంలో లకారం పోయి సూ అయినది, ఆ తరువాత ఏకవచనం కూడా అదే దారి పట్టింది. మెడ అనే అర్థం గల కోల్ అనే మాట కూ అయినదీ, పిచ్చివాడు అనే అర్థం గల ఫోల్ అనే మాట ఫూ అయినదీ ఈ పద్ధతిలోనే. అయితే గుమాస్తాలు, నోటరీలు, రాజుగారి లెక్కల కచేరీలు మాత్రం పాత వ్రాతను వదలలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో కాగితం మీద సోల్ అని వ్రాసి సూ అని చదివేవారు. మీ కథలోని ముత్తాత పద్దు కాగితంలో అంతా సోల్ అని ఉండడానికి కారణం అదే. ఆ రచయిత కాలాన్ని బాగా ఎరిగి వ్రాశాడని చెప్పాలి.

ఈ పేరు చరిత్రలో నన్ను ఎక్కువగా కట్టిపడేసేది మధ్యలో ఉన్న ఒక పెద్ద ఖాళీ. ఏడో శతాబ్దం చివరకు ఫ్రాంకులు అనే జాతివారి రాజ్యంలో బంగారు నాణేలు వేయడం ఆగిపోయింది. దెనియే అనే చిన్న వెండి నాణెం ఒక్కటే మిగిలింది. ఎనిమిదో శతాబ్దం మధ్యలో పెపిన్ రాజు ఒక పౌను వెండికి 22 సోల్‌ల చొప్పున నాణేలు వేయాలని శాసించాడు. అతని కొడుకు షార్లెమేన్ 793-794 ప్రాంతంలో దానిని సవరించి, పౌనుకు 20 సోల్‌లు, సోల్‌కు 12 దెనియేలు, అంటే పౌనుకు 240 దెనియేలు అని స్థిరపరిచాడు. లాటిన్‌లో పౌనును లిబ్రా అంటారు. ఫ్రెంచి లీవ్ర్ అదే. ఇంత కట్టుదిట్టమైన లెక్కలో సోల్ అనే నాణెం ఒక్కటి కూడా లేదు! అది పన్నెండు దెనియేలకు పెట్టిన లెక్క పేరు మాత్రమే. 1266లో తొమ్మిదో లూయీ రాజు గ్రో తూర్నువా అనే పెద్ద వెండి నాణెం వేయించేవరకు, పన్నెండు దెనియేల విలువ గల నాణెం ఆ దేశంలో చేతికి తగలలేదు. అంటే సుమారు నాలుగు వందల డెబ్బై ఏళ్లు ఆ పేరు నాణెం లేకుండానే కొనుగోళ్లలోనూ, జరిమానాలలోనూ, కౌళ్లలోనూ బతికింది. తీరా నాణెం వచ్చాక దానికి పెట్టిన పేరు కూడా సోల్ కాదు, లావుది అనే అర్థం గల గ్రో.

తరువాత వెండి పలచబడింది, రాగి కలిసింది, పద్దెనిమిదో శతాబ్దానికి పూర్తిగా రాగి నాణెమే అయినది. నా సేకరణలో 1792 నాటి నాణెం ఒకటి ఉన్నది. బొమ్మ వైపు పదహారో లూయీ తల, దాని చుట్టూ "ఫ్రెంచివారి రాజు" అనే బిరుదు ఉన్నాయి. బొరుసు వైపు ఓక్ ఆకుల దండ నడుమ కర్రల మోపు, దాని మీద స్వేచ్ఛకు గుర్తైన టోపీ, చుట్టూ "జాతి, చట్టం, రాజు" అనే మూడు మాటలు, అడుగున స్వేచ్ఛ నాలుగో సంవత్సరం అనే లెక్క కనిపిస్తాయి. రంగు మామూలు రాగి రంగు కాదు, కొంచెం పసుపు తిరిగి ఉంటుంది. ఎందుకంటే విప్లవ కాలంలో చర్చి గంటలను కరిగించి ఆ కంచుతో ఈ నాణేలు వేశారు. గంట కంచు పెళుసు కనుక అచ్చు సరిగా పడక అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. దాని మీద విలువ ఎలా వ్రాశారో గమనించండి: సోల్ అని లేదు, 12 అనే అంకె, పక్కన దెనియేకు గుర్తుగా డి అనే అక్షరం ఉన్నాయి. లోహం మీద పన్నెండు దెనియేలు, జనం నోట సూ.

జవాబు
రాయగడ వాసి

పాతనాణెం గారి వివరణ చాలా బాగున్నది. చదువుతూ ఉంటే నాకు ఒక ఆలోచన వచ్చింది, పెద్దలు పరిశీలించాలి. మన సొమ్ము అనే మాటకూ ఈ సూ అనే మాటకూ ఏమైనా బంధుత్వం ఉండవచ్చునా? రెండూ సకారంతో మొదలవుతాయి, రెండూ ధనాన్నే చెబుతాయి. రోమన్లతో మన తీరానికి వర్తకం ఉన్నదన్నది అందరూ ఒప్పుకున్నదే కనుక ఈ ప్రశ్న అడుగుతున్నాను.

మరొక విషయం. మా రాయగడ బజారులో పొద్దుటి నుండి సాయంత్రం వరకు వినబడే మాట టంకా. ఒడియావారు రూపాయిని అలాగే అంటారు. ఇది పాత టంకం. తూకానికీ, ముద్ర వేసిన నాణేనికీ ఒకప్పుడు ఉన్న పేరు. తెలుగులో అది టంకశాల అనే మాటలో ఉండిపోయింది, నాణెం పేరుగా మాత్రం వాడుకలో లేదు. ఒకే మాట ఒక భాషలో నాణెమై, పక్క భాషలో నాణేలు చేసే చోటుగా మిగలడం మా వంటి రెండు భాషల ఊళ్లలో ఉన్నవారికి రోజూ ఎదురయ్యే సంగతి.

జవాబు
పాతనాణెం (బరంపురం)

రాయగడ వాసి గారూ, సొమ్ముతో బంధుత్వం కుదరదండి. రెండు మాటలు ఈనాడు ఎలా వినబడుతున్నాయన్నది కాక, రోమన్ల వర్తకం జరిగిన కాలంలో ఎలా ఉన్నాయన్నది చూడాలి. ఆ కాలంలో అది సూ కాదు, సోలిడస్. లకారం, దకారం రెండూ అందులో గట్టిగా ఉన్నాయి. ఇటలీలో సోల్దో, స్పెయిన్‌లో సుయెల్దో అనే రూపాలలో ఆ రెండు హల్లులూ ఈనాటికీ నిలిచి ఉన్నాయి. మన సొమ్ములో వాటి జాడ ఏమీ లేదు. దానిలోని మకారానికి అటు వైపు ఆధారం లేదు. సూ అనే పొట్టి రూపం ఫ్రాన్సులో మధ్యయుగాలలో పుట్టినది. అప్పటికి రోమన్ ఓడలు మన రేవులకు రావడం మాని ఎన్నో శతాబ్దాలైనది.

మహేంద్రతనయ గారు అడిగిన బుస్సీ కాలపు సంగతి కూడా చెబుతాను. 1753లో హైదరాబాదు నిజాము సలాబత్ జంగ్ ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు సర్కార్లను ఫ్రెంచివారికి ఇచ్చాడు. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఓడి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పోగొట్టుకొని వారు ఈ సర్కార్ల నుండి తప్పుకున్నారు. ఆ కొద్ది ఏళ్లలో ఇక్కడ శిస్తులు, జీతాలు ఎక్కువగా రూపాయలలోనే నడిచాయి. మచిలీపట్నం టంకశాల వారి చేతిలో ఉన్నప్పుడు కూడా అక్కడ వేసినవి మొగలు పద్ధతి రూపాయలే. ఫ్రెంచివారు తమ నాణెం పేరును మనకు అలవాటు చేయలేదు సరికదా, మన పేర్లనే వారు నేర్చుకున్నారు. పుదుచ్చేరిలో వారు వేసిన నాణేల పేర్లు ఫనో, దూదూ, కాష్. ఫనో అంటే మన పణం. దూదూ అంటే మన దుడ్డు, తమిళుల తుట్టు. కాష్ అంటే కాసు. దూదూ మీద ఒక వైపు ఫ్రెంచి రాజుల లిల్లీ పువ్వు, మరొక వైపు పుదుచ్చేరి అని తమిళ లిపి ఉంటాయి.

జవాబు
జయపురం విశ్రాంత ఉద్యోగి

నేను ఉద్యోగ కాలమంతా లెక్కలతో గడిపిన వాడిని కనుక మహేంద్రతనయ గారి నలభై సూలు, రెండు ఫ్రాంకుల చిక్కును విప్పుతాను. అది తప్పు కాదు, సరిగ్గా లెక్కే. లీవ్ర్‌కు 20 సోల్‌లు అని పైన చెప్పారు. విప్లవ ప్రభుత్వం 1795 ఏప్రిల్ 7న లీవ్ర్ స్థానంలో ఫ్రాంకును నిలిపి, దానిని వంద సాంతీమ్‌లుగా విభజించింది. 80 ఫ్రాంకులు 81 లీవ్ర్‌లతో సమానం, అంటే రెండింటి విలువా దాదాపు ఒకటే. అందువలన జనం, పేరు ఏదైతేనేమి, మన ఇరవై సూలు మనకు ఉన్నాయి అనుకున్నారు. వందలో ఇరవయ్యో వంతు ఐదు కనుక ఐదు సాంతీమ్‌ల నాణెం సూ అయి కూర్చున్నది. నలభై సూలు అంటే రెండు వందల సాంతీమ్‌లు, అనగా రెండు ఫ్రాంకులు. సంచులు కుట్టే ఆమె ఒకసారి పాత లెక్కలోనూ, ఒకసారి కొత్త లెక్కలోనూ తన కూలి చెప్పుకున్నది.

చట్టపుస్తకంలో సూ అనే నాణెం ఆనాటికి లేదన్నది ముఖ్యం. మూడో నెపోలియన్ కాలపు కంచు నాణెం మీద ఐదు సాంతీమ్‌లు అనే ఉంటుంది. అది సరిగ్గా ఐదు గ్రాములు తూగేది, పది సాంతీమ్‌ల నాణెం పది గ్రాములు తూగేది. ఆ పది సాంతీమ్‌లదాన్ని జనం పెద్ద సూ అనేవారు, రెండు సూలు అని కూడా అనేవారు.

మనకు ఇది కొత్త అనుభవం కాదు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసల లెక్క వచ్చింది. అణా చట్టంలో లేకుండా పోయింది. అయినా ఇరవై ఐదు పైసల బిళ్లను తెలుగువారు పావలా అనడం మానలేదు. మా జయపురంలో ఒడియావారు చారణా, ఆఠణా అనడం మానలేదు. 2011 జూన్ చివర ఆ పావలా బిళ్లే చెల్లకుండా పోయేవరకు అణాల లెక్క నోట్లో నలుగుతూనే ఉన్నది. నాణేలను ప్రభుత్వం మార్చగలదు కాని లెక్క కట్టే అలవాటును మార్చడానికి ఎన్నో తరాలు పడుతుంది.

డబ్బు అనే మాట గురించి ఎవరూ చెప్పలేదు కనుక అది కూడా చెప్పాలి. ఈనాడు మనకు డబ్బు అంటే ధనం. ఒకప్పుడు అది ఒక రాగి నాణెం పేరు. ఇరవై కాసుల విలువ గలది. ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కార్ల కోసమే 1794లో, మళ్లీ 1797లో ఇంగ్లండు నుండి రాగి నాణేలు వేయించి తెచ్చింది. వాటి మీద రూపాయికి 48 అని విలువ చెక్కి ఉంటుంది. వాటిలో సగం విలువ గలవాటి మీద రూపాయికి 96 అని ఉంటుంది. ఆ రాగి బిళ్లలు గంజాం నుండి గుంటూరు వరకు చెల్లాయి. నాణెం పోయింది, పేరు పెరిగి పెద్దదై మొత్తం ధనానికే పేరైనది. ఫ్రెంచిలో సూ పరిస్థితి కూడా అక్షరాలా అదే. ఈనాడు ఫ్రాన్సులో యూరోలు చెల్లుతున్నా, చేతిలో డబ్బులున్నాయా అని అడగడానికి సూలు ఉన్నాయా అనే అంటారు. రెండూ రాగి నాణేల పేర్లే. రెండూ బహువచనంలోనే ఎక్కువగా వినబడతాయి. అనువాదకులకు ఇంతకంటె దగ్గరి జోడీ దొరకదని నా అభిప్రాయం.

జవాబు
సిరొంచ మాస్టారు (గడ్చిరోలి జిల్లా)

గోదావరి ఇవతలి ఒడ్డు నుండి నేను కూడా కొంచెం చేర్చుతాను. సోల్‌తో పాటు వచ్చిన దెనియే అనే పేరు మూలం రోమన్ల డెనారియస్ అనే వెండి నాణెం. పది ఆసులు అనే రాగి నాణేలకు సమానం కనుక, పదేసి అనే అర్థంతో దానికి ఆ పేరు వచ్చింది. ఆ డెనారియసే తూర్పు దేశాలలో దీనార్ అయినది. సంస్కృతంలో దీనారం అయి గుప్తుల శాసనాలకెక్కింది. కాబట్టి మనం పురాణ కాలక్షేపంలో వినే దీనారాలూ, మీ పారిస్ కథలోని దెనియేలూ ఒక్క కడుపు బిడ్డలే. మా వైపు తెలుగులోనూ మరాఠీలోనూ నలిగే దమ్మిడీ, దమడీ కూడా ఇలాగే దూరం నుండి వచ్చినవి. గ్రీకుల ద్రాఖ్మా సంస్కృతంలో ద్రమ్మమై, ద్రమ్మం నుండి దామ్ పుట్టి, దాని చిన్న రూపంగా దమడీ ఏర్పడింది.

సోలిడస్ నుండి నాణేల పేర్లే కాక మరికొన్ని మాటలు కూడా పుట్టాయి. సైనికుడికి ఇచ్చే జీతాన్ని ఫ్రెంచిలో సోల్ద్ అంటారు. జీతం తీసుకుని పోరాడేవాడు సోల్దా. ఇంగ్లీషువారి సోల్జరు కూడా ఆ కుదురులోని వాడే. పాత ఇంగ్లీషు లెక్కల్లో పౌను, షిల్లింగు, పెన్నీలకు పొడి అక్షరాలుగా ఎల్, ఎస్, డి వాడేవారు. పెన్నీకి డి ఎందుకో చిన్నప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. అవి లిబ్రా, సోలిడస్, డెనారియస్ అనే లాటిన్ పేర్ల మొదటి అక్షరాలు. అంటే షార్లెమేన్ పెట్టిన ఇరవై, పన్నెండుల లెక్కనే 1971 వరకు ఇంగ్లండు వాడింది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇంత వివరం వస్తుందని నేను ఎదురుచూడలేదు. మరో మూడు చోట్ల మీ సలహా కావాలి. మొదటిది: ఒక పాత్ర "వంద సూల బిళ్ల" గుర్రపు బండివాడి చేతిలో పెడతాడు. వంద సూలకు ఒకే బిళ్ల ఉండేదా? రెండవది: "సూ లేదు, మాయ్ లేదు" అనే మాట, ఇందులో మాయ్ అంటే ఏమిటో తెలియలేదు. మూడవది: ఒక ధనికుడి ఆస్తిని ఎక్యూలలో చెప్పారు. ఫ్రాంకుల కాలంలో ఎక్యూలు ఎక్కడివి?

జవాబు
పాతనాణెం (బరంపురం)

మూడింటికీ సూటిగా చెబుతాను. వంద సూల బిళ్ల అంటే ఐదు ఫ్రాంకుల వెండి నాణెం. 1803 నాటి చట్టం ప్రకారం ఫ్రాంకుకు ఐదు గ్రాముల వెండి కనుక ఇది ఇరవై ఐదు గ్రాములు తూగే బరువైన బిళ్ల. బండివాడికి అది పెద్ద మొత్తమే కనుక, ఆ పాత్ర ధారాళాన్ని చూపడానికే రచయిత ఆ నాణేన్ని ఎంచుకున్నాడని భావించవచ్చు. తెలుగులో వంద సూలు అని ఉంచితే చదివేవారికి గుప్పెడు చిల్లర కళ్ల ముందు కదులుతుంది, భావం తలకిందులవుతుంది. అక్కడ ఐదు ఫ్రాంకుల వెండి బిళ్ల అని వ్రాయండి.

మాయ్ అంటే దెనియేలో సగం. సూ లేదు, మాయ్ లేదు అంటే పూర్తిగా చేతులు ఖాళీ అని. దీనికి మనకు చిల్లిగవ్వ లేదు అనే మాట సిద్ధంగా ఉన్నది. అందులోనూ మన ఒడిశా సరిహద్దు వారికి గవ్వ వట్టి అలంకారపు మాట కాదు. ఈ రాష్ట్రంలో పందొమ్మిదో శతాబ్దం తొలి రోజుల వరకు గవ్వలు నిజంగానే చెల్లేవి. కంపెనీవారు శిస్తు కింద గవ్వలు తీసుకోవడం మానడం వలన రైతులు చితికిపోయారు, 1817 నాటి పాయికుల తిరుగుబాటు కారణాలలో అది ఒకటి. కాబట్టి ఈ వాక్యంలో గవ్వను వాడడం నాకు ఎంతో ఉచితంగా తోస్తుంది. ఏ పాత్రయినా "ఒక్క సూ లేదు" అని అన్నచోట మాత్రం ఒక్క దమ్మిడీ లేదు అన్నా బాగుంటుంది; జయపురం వారు చెప్పినట్లు డబ్బుల్లేవు అని వ్రాసినా అర్థం చెడదు. నా మొగ్గు దమ్మిడీ వైపు, ఎందుకంటే అందులో నాణెం కూడా కనబడుతుంది.

ఎక్యూ అంటే డాలు. లాటిన్‌లో డాలుకు స్కూటం అని పేరు. 1266లో తొమ్మిదో లూయీ వేయించిన బంగారు నాణెం మీద లిల్లీ పువ్వులున్న డాలు బొమ్మ ఉండడం వలన దానికి ఆ పేరు వచ్చింది. అంటే మన వరహా పేరు పుట్టిన పద్ధతే. 1641 నుండి అది వెండి నాణెమై మూడు లీవ్ర్‌లకు, అనగా అరవై సూలకు చెల్లింది. 1726 నుండి ఆరు లీవ్ర్‌ల పెద్ద ఎక్యూ వచ్చింది. ఫ్రాంకులు వచ్చిన తరువాత ఐదు ఫ్రాంకుల వెండి బిళ్లను కూడా కొందరు ఎక్యూ అనేవారు. మీ కథలో ఏ ఎక్యూ అన్నది ధనికుడి వయసును బట్టి తేలుతుంది. పాతకాలపు మనిషి అయితే మూడు ఫ్రాంకుల లెక్క, కొత్త తరం వాడైతే ఐదు ఫ్రాంకుల లెక్క వేసుకోండి. అదే పుటలో ఆస్తి మొత్తం ఫ్రాంకులలో ఇంకెక్కడైనా చెప్పి ఉంటే భాగించి చూడండి, సరిపోతుంది.

కూలి డబ్బు ఉన్నచోట, బేరాలు ఉన్నచోట సూ అనే పేరును అలాగే ఉంచండి. నలభై సూలను, రెండు ఫ్రాంకులను ఒకటిగా చేయకండి; ఆ స్త్రీ కుట్టుపని ఇచ్చినవారి దగ్గర ఒక లెక్క, పొరుగింటావిడ దగ్గర ఒక లెక్క వాడడంలో ఆమె జీవితం కనబడుతుంది. ముత్తాత కాగితంలో సోల్ అనే వ్రాసి, ఇరవై సూలు ఒక ఫ్రాంకు, సోల్ అన్నా సూ అన్నా ఒకటే అని మొదటి పుట అడుగున ఒక వాక్యం వేస్తే మీ పాఠకులకు కథ పొడుగునా ఎక్కడా తడబాటు ఉండదు.